గాంధారం నిలబడని చోట: తోడి రాగంలో ఒక తీగవాద్య రచన (కేస్ స్టడీ)

నేను కర్ణాటక వయొలిన్ వాయిస్తాను, నేర్పిస్తాను. నృత్య రూపకాలకు, షార్ట్ ఫిల్ములకు సంగీతం చేసే యువ కంపోజర్లు రాగం దగ్గర చిక్కుపడితే కొందరు నా దగ్గరికి వస్తుంటారు. అలా వచ్చిన కేసుల్లో నాకు ఎక్కువ నేర్పింది ఇదే. కంపోజర్ అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేర్లు, ఊరు, నృత్య బృందం వివరాలు ఇవ్వడం లేదు. సంగీతానికి సంబంధించిన సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంచాను.

నేపథ్యం

ఆమె చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంది. హార్మనీ, అంటే స్వరాలను ఒకేసారి కలిపి మోగించే విద్య, శ్రద్ధగా చదువుకుంది, తీగవాద్యాలకు స్కోరు రాయడం వచ్చు. కర్ణాటక సంగీతం ఇంట్లో వింటూ పెరిగింది కానీ పాఠం జంట స్వరాల దగ్గరే ఆగిపోయింది. కంప్యూటర్ మీద శాంపిల్స్‌తో పని చేయడం ఆమెకు మంచినీళ్ల ప్రాయం.

ఒక నృత్య బృందం ఆమెకు ఎనిమిది నిమిషాల ప్రారంభ సంగీతం అప్పగించింది. పది మంది తీగవాద్య కళాకారులు, తంబుర, చివర్లో మృదంగం. ఆ సంగీతం ముగియగానే నర్తకి శ్యామశాస్త్రి తోడి స్వరజతి (స్వరాలకే సాహిత్యం కట్టిన రచన) 'రావే హిమగిరి కుమారి' మొదలుపెడుతుంది. కాబట్టి ప్రారంభం కూడా తోడిలోనే ఉండాలి. వాళ్ల గురువుగారు పెట్టిన షరతు ఒక్కటే: "తోడి అని వినగానే తెలియాలి, కానీ కచేరీ విన్నట్టు ఉండకూడదు."

ఈ షరతును మొదట్లో నేను తేలిగ్గా తీసుకున్నాను. నిజానికి కేసు మొత్తం దాని చుట్టూనే తిరిగింది.

మొదటిసారి విన్నప్పుడు

ఆమె నాలుగు నిమిషాల డ్రాఫ్ట్ తెచ్చింది. పనితనం ఉంది. వయొలిన్లు, వయోలాలు, సెల్లోలు ఎవరి చోట వాళ్లు ఉన్నారు, ఎక్కడా గజిబిజి లేదు. స్వరాలు కూడా సరైనవే: శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ఎనిమిదో మేళకర్త (జనక రాగం) హనుమతోడి స్కేలు తు.చ. తప్పకుండా ఉంది. అయినా వింటుంటే స్పానిష్ గిటార్ సంగీతం గుర్తొచ్చింది.

అందులో వింతేమీ లేదు. అవే ఏడు స్వరాలను పాశ్చాత్యులు ఫ్రిజియన్ అంటారు. ఆ స్వరాలను తిన్నగా నిలబెట్టి, కింద సి మైనర్, డి ఫ్లాట్ మేజర్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) పెడితే చెవి అటే పోతుంది. ఒక చోట మాత్రం అసలు స్వరమే తేడాగా ఉంది, శుద్ధ మధ్యమం బదులు దాని పైమెట్టు, ప్రతి మధ్యమం వినిపించింది. ఎక్కడిదని అడిగితే 'తోడి' అని పేరున్న రెడీమేడ్ లూప్ వాడానంది. అది హిందుస్తానీ తోడి. మన లెక్కలో శుభపంతువరాళికి దగ్గర. మన హనుమతోడి స్వరాలు అక్కడ భైరవి థాట్‌లో (మన మేళం లాంటి వర్గం) ఉంటాయి. పేరు ఒకటే, రాగాలు వేరు. లూప్ తీసేయడంతో ఆ చిక్కు అక్కడికక్కడే తీరిపోయింది. అసలు చిక్కు తీరలేదు.

ముందు అడగాల్సిన ప్రశ్న

ఇలాంటి కేసుల్లో దిద్దుబాటు మొదలుపెట్టే ముందు నేను ఒకటి అడుగుతాను: "రాగం నుంచి నీకేం కావాలి?" ఇది పరీక్ష పెట్టడం కాదు. మన సంగీతం నుంచి తీసుకున్న ఆధునిక కంపోజర్లు అందరూ ఒకే పద్ధతిలో తీసుకోలేదు, అందుకే అడుగుతాను. ఆమెకు ముగ్గురి గురించి చెప్పాను.

ఫ్రెంచ్ కంపోజర్ మెసియాన్ 13వ శతాబ్దపు సంగీత రత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టికను చూసి, ఆ లయలను తన రచనల్లో వాడుకున్నాడు. అతని సంగీతం వింటే మన కచేరీ గుర్తు రాదు, రావాలని అతను కోరుకోలేదు కూడా. పట్టిక తీసుకున్నాడు, సొంత ఇల్లు కట్టుకున్నాడు. అది న్యాయమైన దారే.

అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్‌ది ఇంకో దారి. 1960ల మధ్యలో పారిస్‌లో ఒక సినిమా సంగీతం కోసం పండిట్ రవిశంకర్ బాణీలను పాశ్చాత్య నొటేషన్‌లో రాసిపెట్టే పని అతనికి దొరికింది. అతను రాసినదాన్ని కళాకారులు వాయిస్తుంటే, ఒత్తులు తప్పుగా పడుతున్నాయని తబలా విద్వాంసుడు అల్లారఖా పదే పదే అన్నారు. చివరికి గ్లాస్ నొటేషన్‌లో లయను గళ్లుగా విడదీసే బార్ గీతలన్నీ చెరిపేశాడు. అప్పుడు లయ కొలత వేరే రకంగా కనిపించింది, చిన్న చిన్న ముక్కలు కూడుకుంటూ పెరిగేదిగా. తర్వాత అతని సంగీతం నడిచిన తీరుకు అదొక మూలం. అతను తీసుకున్నది రాగం కాదు, లెక్క.

మూడోవాడు, ఇంకో అమెరికన్ కంపోజర్ టెర్రీ రైలీ, 1970లో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యుడై, గురువు 1996లో పోయేదాకా ఆయన్ను విడవలేదు. గొంతుతో, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నాడు.

"మాస్టారూ, నాకు మొదటి దారి చాలదా?" అని అడిగింది.

"సొంతంగా చేసుకునే ఆల్బమ్ అయితే చాలమ్మా. కానీ నీ తర్వాత వెంటనే శ్యామశాస్త్రి స్వరజతి వస్తోంది. ముందు విన్నది, తర్వాత వినబోయేది ఒకే రాగం కావాలి. వినేవాళ్లు తోడి ఎరిగినవాళ్లు."

అయితే రాగం మార్చేద్దామా అంది. మోహనం లాంటిదైతే హార్మనీకి సులువు. దాని ఐదు స్వరాల్లో పక్కపక్కన అర్ధ స్వరం దూరంలో రాపిడి పెట్టేవి లేవు, ఏది దేనితో కలిపి మోగించినా ఇబ్బందిగా ఉండదు. బాలమురళీకృష్ణగారు సృష్టించిన మహతి అయితే మరీ సులువు: స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. నాలుగే స్వరాలు, నాలుగూ కలిపి మోగిస్తే పాశ్చాత్యుల సెవెన్త్ కార్డ్. కానీ స్వరజతి తోడిలో ఉన్నప్పుడు ఇవేవీ పనికిరావు. తోడిలోనే పోరాడాలని నిర్ణయించుకున్నాం.

నా మొదటి అంచనా తప్పింది

లోపం గమకంలో, అంటే స్వరాన్ని తిన్నగా పట్టుకోకుండా ఊపుతూ పలికే తీరులో, ఉందనుకున్నాను. అది నిజమే, కానీ సగం నిజం. 'గమకాలు చేర్చు' అని సలహా ఇచ్చాను. చేర్చడం అనే మాటే తప్పని అప్పుడు తట్టలేదు.

ఆమె పిచ్ బెండ్‌తో (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే కంప్యూటర్ సాధనం) గాంధారాన్ని ఊపింది. సెకనుకు ఇన్నిసార్లు, ఇంత ఎత్తుకు అని కొలిచి పెట్టింది. వింటే అంబులెన్సు సైరన్ మోగినట్టు ఉంది. వేగం తగ్గించింది, పెంచింది, ఊపు లోతు మార్చింది. మూడు రోజుల పని, ఏదీ కుదరలేదు.

అప్పుడు తనకో అనుమానం వచ్చింది. కీబోర్డులో అన్ని మెట్లూ సమానంగా పంచి ఉంటాయి కదా, శ్రుతి తేడా వల్లే ఇలా ఉందేమో అంది. మంచి ప్రశ్న, కూర్చుని లెక్క చూశాం. కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, సహజ శ్రుతితో పంచమం తేడా 2 సెంట్లే, అది ఇక్కడ అడ్డు కాదు. సాధారణ గాంధారం దగ్గర తేడా సుమారు 16 సెంట్లు. ఒక చోట నిలిచే స్వరమైతే అది వినపడేదే. కానీ తోడి గాంధారం నిలిచే స్వరం కాదు. కదులుతూ ఉండే స్వరానికి నిలిచే చోటు 16 సెంట్లు అటో ఇటో ఉండటం వల్ల రాగం చెడదు. ఆ దారి మూసేశాం.

గాంధారం స్క్రీన్ మీద కనిపించిన రోజు

నేను 'స రి గా, మ గా, రి స' అని నెమ్మదిగా పాడితే ఆమె రికార్డు చేసి, శ్రుతిని గీతగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిచింది. షడ్జం దాదాపు సరళరేఖలా ఉంది. రిషభం చిన్న ముడి. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఆమె స్క్రీన్ మీదికి వంగింది. కీబోర్డు గాంధారం ఉండే గీత దగ్గర నా గొంతు ఆగనే లేదు. రిషభం దగ్గర మొదలై, మధ్యమం వైపు లేచి, మళ్లీ కిందికి దిగి, మళ్లీ లేచింది. ఆ గీతను దాటి వెళ్తోంది తప్ప దాని మీద కూర్చోవడం లేదు. అలలు కూడా ఒకేలా లేవు. మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా ఉన్నాయి. మధ్యమం నుంచి దిగేటప్పటి గాంధారం ఆకారమే వేరు.

"అయితే గాంధారం ఎక్కడుంది మాస్టారూ?"

"ఆ ప్రయాణమే గాంధారం."

ఇన్నేళ్లు పాడుతూ, వాయిస్తూ ఉన్నా ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అయితే ఆ స్క్రీన్ మీద ఇంకోటి కనిపించింది, కేసుకు అసలు తాళంచెవి అదే. ఆమె తన వయోలా పార్టును అదే స్క్రీన్‌లో కింద పెట్టింది. సి మైనర్ కార్డ్‌లో వయోలా ఇ ఫ్లాట్‌ను, అంటే సాధారణ గాంధారాన్ని, నాలుగు బీట్ల పాటు మేకు దిగ్గొట్టినట్టు పట్టుకుని ఉంది. పైన గొంతు ఆ స్వరం చుట్టూ తిరుగుతోంది, కింద వయోలా 'గాంధారం ఇదిగో ఇక్కడ' అని కదలకుండా చెబుతోంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు. చెవి నిలకడగా ఉన్నదాన్నే నమ్ముతుంది, అప్పుడు పైనున్న గమకం అపశ్రుతిలా వినపడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఆమె పాత కార్డ్స్ మీద నేను వయొలిన్ వాయించాను. ప్లేబ్యాక్ వింటే నాకే దిగులు వేసింది. నా గాంధారం కుదించుకుపోయి, ఊపు సగానికి పడిపోయి, వయోలా స్వరం వైపు జరుగుతోంది. నాకు తెలియకుండానే నా వేళ్లు కార్డ్‌కు లొంగిపోయాయి. అనుభవం ఉన్న చేతినే కార్డ్ ఇంత లాగితే, శాంపిల్‌ను నిందించి లాభం లేదు.

అన్నీ తీసేస్తే

అయితే కార్డ్స్ తీసేద్దాం అన్నాను. తంబుర, ఒక్క వయొలిన్ మాత్రమే ఉంచాం. తోడి వెంటనే వచ్చేసింది, అరగంటలో. నాకు సంతోషం వేసింది. ఆమె ముఖం మాత్రం వాడిపోయింది.

"ఇది మీ కచేరీ మాస్టారూ. ఇందులో నేనెక్కడున్నాను?"

ఆ మాట నాకు తగిలింది. రాగాన్ని కాపాడే తొందరలో కంపోజర్‌ను బయటికి పంపేశాను. గురువుగారు పెట్టిన షరతులో రెండో సగం కూడా గాలికి పోయింది. శాస్త్రీయ సంగీతం వైపు నుంచి వచ్చే మాలాంటివాళ్లు ఇలాంటి సహకారాల్లో తరచుగా చేసే పొరపాటిది: శుద్ధి చేయడమే సాయం అనుకుంటాం. నేను పట్టుకున్న వయొలినే బయటి నుంచి వచ్చింది. దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఘనత ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్‌కు దక్కుతుంది. ముత్తుస్వామి దీక్షితర్ పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు. రాకపోకలు రెండు వైపులా సాగిన సంగీతం మనది. ఆ సంగతి తెలిసి కూడా ఆ గదిలో మర్చిపోయాను.

పని చేసింది ఏమిటంటే

రెండు వారాలు కీబోర్డు ముట్టుకోవద్దన్నాను. బదులుగా పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ తోడి వర్ణం 'ఎరా నాపై' పల్లవి మాత్రం గొంతుతో నేర్పాను. ఎందుకు వర్ణం? వర్ణంలో రాగం తాలూకు ముఖ్యమైన సంచారాలన్నీ (రాగం నడిచే స్వరాల వరసలు) తాళంలో ఇమిడి ఉంటాయి. ఆలాపన అయితే కొత్తవాళ్లకు అంచు దొరకదు. ఎందుకు గొంతు? కీ నొక్కితే స్వరం పుడుతుంది, ఆ స్వరంలోకి ఎలా వచ్చాం, ఎలా వెళ్తాం అనే ప్రశ్నే రాదు. గొంతుకు ఆ సౌకర్యం లేదు. రిషభం నుంచి గాంధారానికి నడిచే వెళ్లాలి.

ఆమె గొంతు బాగుందా లేదా అన్నది లెక్కలోకి రాలేదు. పదో రోజుకు గాంధారం ఊగడం మొదలైంది. ఆ రోజు తన పాత డ్రాఫ్ట్ తనే పెట్టుకుని వింది. ముప్పై సెకన్లకే ఆపేసి, "ఇందులో స్వరాలన్నీ నిలబడి ఉన్నాయి" అంది. నేనేమీ చెప్పలేదు.

తర్వాత కాగితం మీద రాగాన్ని ఆమె పనికి తగ్గట్టు రెండుగా విడదీశాం: నిలిచేవి, ఊగేవి. షడ్జ పంచమాలు ఎలాగూ నిలిచేవే. రిషభం ఆమె రాసుకున్న సంచారాల్లో దాదాపు తిన్నగానే ఉంది. మధ్యమం కొన్ని చోట్ల నిలుస్తుంది, కొన్ని చోట్ల నిలవదు. గాంధారం, ధైవతం, నిషాదం ఊగేవి. ఇది తోడి లక్షణానికి పూర్తి వివరణ కాదు, ఈ ఒక్క రచన కోసం గీసుకున్న మ్యాప్ మాత్రమే.

దాని మీద ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. పై వయొలిన్ ఏ స్వరాన్ని ఊపుతోందో ఆ స్వరాన్ని కింద ఎవరూ పట్టుకోకూడదు.

ఈ నియమంతో ఆమె హార్మనీ చదువు మళ్లీ ప్రాణం పోసుకుంది. సి మైనర్ పోయి, షడ్జ పంచమాలు మాత్రమే మిగిలాయి. ఆమె సి శ్రుతి మార్చకుండా ఉంచమన్నాను, ఎందుకంటే సెల్లోకు, వయోలాకు కింది రెండు తీగలు సి, జి. అంటే ఒకటి శ్రుతిలో షడ్జం, పంచమం. వేలు పెట్టకుండా మోగే తీగలు తంబురతో కలిసిపోయాయి. వయొలిన్ రిషభం మీద నిలిచినప్పుడు కింద రిషభ ధైవతాల జోడీ, మధ్యమం మీద నిలిచినప్పుడు మధ్యమానికి పైషడ్జం జోడీ. రెండు జోడీల్లోనూ దూరం స, ప మధ్య ఉన్నంతే, అంటే షడ్జ పంచమ సంబంధమే, కాబట్టి గట్టిగా నిలుస్తాయి. ధైవతాన్ని కింద వాడింది పైన ధైవతం లేనప్పుడే. గాంధార నిషాదాలు కూడా షడ్జ పంచమ సంబంధంలోనే ఉన్నా, రెండూ ఊగేవి కాబట్టి ఆ జోడీని వదిలేశాం.

ఇక్కడ ఆమె చేసిన ఒక పని నాకు ఇప్పటికీ ఇష్టం. తోడిలో పంచమం వదిలేసి 'గ మ ద ని స' అని వెళ్లే సంచారాలు ఎంత అందంగా ఉంటాయో వర్ణం నేర్చుకునేటప్పుడు చెప్పాను. ఆ సంచారం వచ్చినప్పుడల్లా ఆమె సెల్లోల నుంచి పంచమం తీసేసింది, షడ్జం ఒక్కటే మిగిలింది. కాళ్ల కింద నేల కొంచెం పలచబడినట్టు అనిపిస్తుంది. వయొలిన్ దిగివచ్చి పంచమం మీద వాలిన క్షణంలో సెల్లోల పంచమం తిరిగి వస్తుంది. ఇది ఏ కచేరీలోనూ వినం. అయినా నూటికి నూరుపాళ్లు తోడి. నేను చెప్పిన లక్షణం నుంచి నాకు తోచనిది ఆమె తీసింది.

తాళం విషయం తొందరగానే తేలింది. డ్రాఫ్ట్‌లో ప్రతి వాక్యం సమం (తాళం మొదటి దెబ్బ) మీదే మొదలై, లయ చూపే క్లిక్‌కు అతుక్కుని ఉండేది. ఆది తాళంలో కొన్ని ఎత్తుగడలను సమం దాటాక అర అక్షరానికి జరిపి, వయొలిన్ పార్టుకు క్వాంటైజ్ (స్వరాలను క్లిక్‌కు కచ్చితంగా సర్దే సాఫ్ట్‌వేర్ పని) తీసేశాం. కింది తీగలకు మాత్రం ఉంచాం. అంతే.

రికార్డింగ్

పది మందిలో ఇద్దరే కర్ణాటక వయొలిన్ కళాకారులు. మిగతావాళ్లు స్టాఫ్ నొటేషన్ చదివి వాయించేవాళ్లు. అందరికీ గమకం నేర్పించాలని ఆమె అనుకుంది, నేను వద్దన్నాను. గమకం గుర్తులు పేజీ నిండా పెట్టినా ఒక్క సెషన్‌లో అది చేతికి రాదు. ఊగే స్వరాలన్నీ ఆ ఇద్దరికి, నిలిచే స్వరాలన్నీ మిగతా ఎనిమిది మందికి ఇచ్చాం. అప్పటికే గీసుకున్న మ్యాప్ వల్ల పార్టులు పంచడానికి గంట కూడా పట్టలేదు. స్టాఫ్ చదివేవాళ్లకు ఒక్కటే చెప్పాం: వైబ్రాటో (వేలితో స్వరాన్ని వణికించడం) వద్దు. కింది స్వరం కొంచెం వణికినా పై గాంధారం ఊపు మసకబారుతోంది. ఒక సెల్లో కళాకారుడికి అది చాలా కష్టమైంది, పాపం, ఏళ్ల అలవాటు. మూడో టేక్‌కు కుదిరింది.

రిహార్సల్‌లో నృత్య గురువుగారు రెండో నిమిషం దగ్గర సన్నగా గొంతు కలిపారు. ఆవిడ అందుకున్నది గాంధారమే, ఊపుతో సహా. ఆ తర్వాత స్వరజతి మొదలైనప్పుడు ఎక్కడా అతుకు తెలియలేదు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

'గమకాలు చేర్చు' అని ఎవరికీ చెప్పడం లేదు. స్వరం వేసి, పైన గమకం అద్దడం కుదరదు. కదలిక ముందు ఉండాలి, కంపోజర్ దాన్ని గొంతుతో తెలుసుకోవాలి. హార్మనీ చెడగొడుతోందని ఫిర్యాదు వస్తే మొదట చూసేది కార్డ్ ఏది అని కాదు, ఆ కార్డ్‌లోని ఏ స్వరం పైన ఊగే స్వరాన్ని బంధిస్తోంది అని. శంకరాభరణం, మోహనాల్లో ఈ గొడవ అంతగా రాదు కాబట్టి, వాటితో గెలిచిన కంపోజర్లు అదే పద్ధతితో తోడికి, సావేరికి వచ్చి ఆశ్చర్యపోతారు. ఇప్పుడు మొదటి రోజే ఈ తేడా చెబుతున్నాను. ఇంకొకటి, కంపోజర్ 'నేనెక్కడున్నాను' అని అడిగితే ఆ ప్రశ్నను రాగ శుద్ధితో సమానంగా చూస్తున్నాను.

కుదరనిది కూడా ఉంది. ఐదో నిమిషం దగ్గర రెండో కాలంలో వేగంగా సాగే భాగం ఒకటి రాసింది, ఇద్దరు వయొలినిస్టులు ఒకరి వెంట ఒకరు అందుకునేలా. వేగంలో గమకం చిన్నదై స్వరాలు మళ్లీ నిలబడిపోయాయి, పాత స్పానిష్ వాసన తిరిగొచ్చింది. పైగా ఒకరు నిషాదం ఊపుతుండగా రెండోవారు అదే నిషాదం మీదికి వచ్చేవారు, మా నియమం అక్కడ మమ్మల్నే అడ్డుకుంది. రెండు రోజులు తంటాలు పడి, చివరికి నలభై సెకన్లు కత్తిరించాం. ఆ ముక్క ఆమె దగ్గర విడిగా ఉంది. రెండో వయొలిన్‌ను ఒక అక్షరం ఆలస్యంగా కాకుండా, మొదటిది షడ్జం మీద ఆగాక మాత్రమే వదిలితే ఎలా ఉంటుందో పోయిన వారం మళ్లీ పాడి చూశాం. ఇంకా తేలలేదు.